తాడు అవతలి కొస

బరంపురం నుంచి బస్సులో గంట పైనే పట్టింది.
ముందు సీటాయన ఒడియాలో చిల్లర అడిగితే
కండక్టరు తెలుగులో లేదన్నాడు.
ఇద్దరికీ అర్థమైంది, ఇద్దరికీ కోపమొచ్చింది.

సోనాపూర్‌లో దిగేసరికి
ముందుగా ఇసుకే చెప్పుల్లోకొచ్చి పలకరించింది.
ఇది ఎడారి కాదు,
ఎడారికి వేలు విడిచిన మేనకోడలు.
అరికాళ్ళు కాల్చుకుంటూ దిబ్బ ఎక్కుతుంటే
అవతల అన్ని నీళ్ళున్నాయని
మొగలి పొద ఒక్కటీ చెప్పదు.

మా ఆఫీసు వాళ్ళంతా నాలుగు చక్రాల బైకుల చుట్టూ మూగారు.
రెండేళ్ళుగా మోకాలి నొప్పికి సెలవులు పెడుతున్న
హెడ్ క్లర్కు పట్నాయక్ గారు
దిబ్బ నెత్తిన నిలబడి ఈల వేశారు.
ఇసుక ఎవరి గుట్టూ దాచదు.
దాచినా సాయంత్రం గాలికి తీసి చూపిస్తుంది.

నేను తాడు దగ్గర ఆగాను.
రంగుల గొడుగు బోర్లా పడి గాలి మింగుతోంది.
జీపు వెనక కొక్కెం, నా నడుముకి పట్టీలు.
గుండె జబ్బులవాళ్ళు, గర్భిణులు, తాగినవాళ్ళు ఎక్కరాదని
టికెట్టు మీద ఉంది.
మిగతా బరువుల సంగతి రాయలేదు.

పట్టీలు బిగించినవాడు సూరాడ దానయ్య.
వలతాడు రాసుకుని రాసుకుని
అరచేతుల్లో గీతలు చెరిగిపోయాయి.
చూస్తే జ్యోతిష్కుడైనా డబ్బు వాపసు ఇచ్చేస్తాడు.
"ఎంత బరువుంటారమ్మా?"
నాలుగు కేజీలు తగ్గించి చెప్పాను.
నవ్వి, ఏడు కలుపుకున్నాడు.

"ఇదివరకు వల లాగీవోళ్ళం.
అప్పుడు బరువు నీళ్ళల్ల ఉండీది, ఇప్పుడు మబ్బుల్ల.
తాడొకటేనమ్మా.
ఆ కొసన ఏటుందో
కంటికంటే ముందు సేతికి తెలిసిపోద్ది."

జీపు కదిలింది.
ఆరడుగులు పరిగెత్తాను. ఏడో అడుగుకి నేల లేదు.

పైనుంచి దిబ్బలు
అలిగి అటు తిరిగి పడుకున్న వీపుల్లా ఉన్నాయి.
వాటి మీద చక్రాల గీరలు.
బాహుదా ఏదో చెప్పబోయి మానేసినట్టు
సముద్రం ముందు సన్నబడి నిలబడింది.
ఎండేసిన చేపలు, ఎండేసిన చీరలు,
జీడితోట అంచున నల్ల ఇసుక చార.
ఆంధ్రా ఎక్కడ మొదలవుతుందోనని వెతికాను.
ఒక మేక కనిపించింది.
అది రెండు వైపులా మేస్తోంది.

అప్పుడు వచ్చింది.
అక్క ఇందుమతి పోయి ఏడాదిన్నర.
ఆస్పత్రి ఫారాలు నింపింది నేను,
కట్టెల వాడితో బేరమాడింది నేను,
పదో రోజు ఎన్ని విస్తర్లో లెక్కపెట్టిందీ నేనే.
అందరూ ఏడుస్తుంటే
ఎవరో ఒకరు లెక్క చూడాలి కదా.
ఇక్కడ లెక్కపెట్టడానికి ఏమీ లేదు.
కాళ్ళ కింద గాలి,
గాలి కింద ఈల వేస్తున్న పట్నాయక్ గారు.
నోరు తెరిచి, పేరు పెట్టి,
చిన్నప్పుడు పిలిచినట్టు, ఇందీ అని.

దిగేలోపు కళ్ళు గాలికే ఆరిపోయాయి.
నవ్వు మొహం పెట్టుకుని నిలబడ్డాను.
దానయ్య కొక్కేలు ఒక్కొక్కటీ విప్పుతూ
నా వైపు చూడకుండానే అన్నాడు:

"బయపడితే తాడు టకటకా కొట్టుకుంటాది.
కేరింతలు కొడితే ఒదులైపోద్ది.
మీది అలాక్కాదు.
పెద్ద సేప, పారిపోడానికి కాదు,
అలిసిపోయి ఊరకే ఊగినట్టుంది.
పర్లేదమ్మా, ఒడ్డుకి తెచ్చీసేం."

తిరుగు బస్సులో పట్నాయక్ గారు కుంటుతూ ఎక్కి
ఖర్చుల కాగితం నా ఒళ్ళో పెట్టారు,
ఎప్పటిలాగే.
రాశాను. బస్సు, బైకులు, వేయించిన చేపలు,
ఎవరూ తాగని కొబ్బరిబోండం ఒకటి.

తాడు దగ్గర ఇచ్చింది మాత్రం రాయలేదు.